ఈ నెల రానిదెవరు?



కంప్యూటరులో లెక్కలు దాచుకోవడం గురించి మాట్లాడమంటే మొదట నాకే నవ్వొచ్చింది. మెట్రిక్ దాకా చదివి సంసారంలో పడ్డదాన్ని నేను. అయితే మా కేసముద్రంలో మా వాడకట్టు పొదుపు సంఘం పుస్తకాలు కొన్నేళ్ళుగా నా చేతిలో ఉన్నాయి. వాటిని కాగితం మీంచి కంప్యూటరులోకి మార్చుకున్నది కూడా మా ఇంట్లోనే, పిల్లల చదువు బల్ల మీద. ఆ పాటి అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను. ఇవి ఇంజనీర్లకు కాదు. పొయ్యి మీద పప్పు పెట్టి, ఒక చెవి రేడియోకు ఇచ్చిన మీకు.

"మాకు సంఘాలు గింఘాలు లేవమ్మా" అనకండి. పట్నంలో ఉన్నవాళ్ళకు చీటీ ఉంటుంది. అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు ఉంటుంది. వినాయక చవితి చందాలుంటాయి. పదిమంది దగ్గర పైసలు తీసుకుని రాసిపెట్టుకునే పని ఎక్కడున్నా చిక్కు ఒక్కటే.

పొదుపు సంఘాలకు పంచసూత్రాలని ఐదు నియమాలున్నాయి. క్రమంగా మీటింగులు పెట్టుకోవాలి, క్రమంగా పొదుపు చేయాలి, లోపల లోపల అప్పులిచ్చుకోవాలి, ఇచ్చినవి గడువులో తీర్చుకోవాలి, పుస్తకాలు ఎప్పటికప్పుడు రాసుకోవాలి. 1992లో నాబార్డు వాళ్ళు 500 సంఘాలతో బ్యాంకు అప్పుల ప్రయోగం మొదలుపెట్టారు. అప్పటినుంచి ఈ పద్ధతి దేశమంతా పాకింది. బ్యాంకు మేనేజరుగారు మన మీటింగుకు వచ్చి కూర్చోరు గదా! మొదటి నాలుగూ పాటించామని ఆయనకు చూపించేది ఆ ఐదోదే. అందుకే పుస్తకం రాసే పని చిన్నదని నేననుకోను.

ఇక చిక్కు సంగతి. "ఈ నెల ఎవరెవరు కట్టారు?" అని అడిగితే పుస్తకం తీసి పేజీ చూపిస్తాం. "ఎవరు కట్టలేదు?" అంటే? కట్టని మనిషికి ఆ పేజీలో గీత కూడా ఉండదు. అందరి పేర్లూ ముందే రాసి నెలకో గడి గీసుకునే పద్ధతి ఉంది, అందులో ఖాళీ గడి కంటికి కనబడుతుంది, నిజమే. కానీ ఒకామె ఒకే నెలలో రెండు విడతలుగా కడుతుంది. ఇంకొకామె పొదుపుతోబాటు అప్పు కిస్తూ, వడ్డీ, జరిమానా ఒక్కసారే తెచ్చి చేతిలో పోస్తుంది. ఆ చిన్న గడిలో ఇవన్నీ పట్టవు. గడి పక్కన నక్షత్రం, నక్షత్రానికి కింద ఒక వివరణ, ఆ వివరణ వెనక పేజీలోకి... ఇట్లా పాకుతుంది.

కంప్యూటరు వచ్చింది గదా అని చాలామంది ఎక్సెల్‌లో ఒకటే పొడుగాటి జాబితా పెడతారు. తేదీ, పేరు, భర్త పేరు, ఫోను నంబరు, కట్టిన పైకం. కట్టిన ప్రతిసారీ ఇవన్నీ మళ్ళీ మొదటినుంచి. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఒకనాడు లక్ష్మి అని కొడతాం. ఇంకోనాడు లక్ష్మమ్మ అంటాం. పిలిచే పిలుపు లచ్చమ్మ కనుక మూడోనాడు అదే పడుతుంది. మన కంటికి ముగ్గురూ ఒక్కరే. యంత్రానికి ముగ్గురూ వేర్వేరు ఆడవాళ్ళు. ఏడాదంతా తప్పకుండా కట్టిన మనిషి ముగ్గురిగా చీలిపోయి, ఒక్కొక్కరు నాలుగేసి నెలలు మాత్రమే కట్టినట్టు తేలుతుంది. అంటే ఒక్క నెల కూడా బాకీ లేని మనిషిని మూడు ముక్కలు చేసి, మూడు ముక్కలనూ బాకీదారులుగా నిలబెట్టామన్నమాట. దీనికి ఎదురు కూడా జరుగుతుంది. నిజంగా ఇద్దరు లక్ష్ములుంటే ఒకరి పైసలు ఇంకొకరి లెక్కలో చేరతాయి. అది తేలేసరికి ఇద్దరి మధ్యా మాటల్లేకుండా పోతాయి.

ఆడవాళ్ళ పేర్లతో ఇంకో తంటా. పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో అత్తింటి ఇంటిపేరు, రేషను కార్డులో రాసినవాళ్ళకు వినబడ్డ పేరు. మగవాళ్ళకు ఈ బాధ తక్కువ. కనుక పేరును బట్టి మనిషిని గుర్తుపట్టమని యంత్రానికి అప్పజెబితే ఎక్కువ నష్టపోయేది మనమే.

మరి దేన్ని బట్టి గుర్తుపట్టాలి? నంబరును బట్టి. మన తెలంగాణలో భూమి ఉన్న ఇళ్ళవాళ్ళకు పహాణీ తెలుసు. పట్టాదారు మారతాడు, కౌలుదారు మారతాడు, ఈ ఏడు పత్తి వేస్తే వచ్చే ఏడు మొక్కజొన్న వేస్తారు. సర్వే నంబరు మాత్రం అదే ఉంటుంది. అన్నదమ్ములు పంచుకుంటే బై నంబర్లు పడతాయి గాని మొదటి నంబరు పోదు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు కోసం జనం ఈనాటికీ తిరుగుతున్నారంటే, ఆ నంబరు పట్టుకుని వెనక్కి పోగలమనే గదా! సంఘంలో సభ్యురాలికి కూడా అట్లాంటి నంబరు ఒకటివ్వాలి. ఒకసారి ఇచ్చింది ఇంకొకరికి ఇవ్వకూడదు. ఆమె మానేసినా ఆ నంబరు ఆమెదే.

అప్పుడు జాబితా రెండుగా విడిపోతుంది. మొదటి పట్టికలో సభ్యులు మాత్రమే. నంబరు, పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, ఫోను, చేరిన తేదీ, మానిన తేదీ. ఒక్కొక్కరికి ఒక్కటే వరుస. రెండో పట్టికలో చెల్లింపులు. రసీదు నంబరు, సభ్యురాలి నంబరు, తేదీ, ఏ పద్దు కింద, ఎంత. చూశారా, రెండో పట్టికలో పేరే లేదు! ఫోను నంబరు మారితే మొదటి పట్టికలో ఒక్కచోట దిద్దితే సరి. ఒక సంగతిని ఒక్కచోటే రాయాలి, కావలసినచోట నంబరుతో పిలవాలి. ఈ విద్యలో సగం ఇంతే.

ఇది కనిపెట్టింది ఎడ్గర్ కాడ్ అనే ఆయన. పుట్టింది ఇంగ్లండులో, పనిచేసింది అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీలో. 1970 జూన్‌లో అచ్చయిన ఒక వ్యాసంలో ఈ పట్టికల పద్ధతి చెప్పాడు. అంతకుముందు కంప్యూటరులోంచి ఒక సంగతి తీయాలంటే అది లోపల ఎక్కడుందో, ఏ దారిన పోవాలో తెలిసినవాళ్ళే తీయగలిగేవారు. అత్తగారి సామాన్ల గది లాగా! ఆవిడ లేకపోతే ఇంగువ దొరకదు. ఏం కావాలో అడగడం మన వంతు, ఎక్కడుందో వెతకడం యంత్రం వంతు కావాలన్నాడు కాడ్. 1974లో అదే కంపెనీలోని చాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు అడగడానికి ఒక భాష తయారుచేశారు. ఈనాడు ఎస్.క్యూ.ఎల్. అంటున్నది దాన్నే. ఆ భాష రానివాళ్ళకు, అంటే నాబోటివాళ్ళకు, గళ్ళు చూపించి "ఇందులో నింపమ్మా" అనే ఉపాయం కూడా అక్కడే పుట్టింది. మోషే జ్లూఫ్ అనే ఆయన 1970ల నడిమిలో ఆలోచించినది. 1992లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఇంట్లోని కంప్యూటరు కోసం యాక్సెస్ తెచ్చినప్పుడు ఆ గళ్ళ పద్ధతినే తీసుకున్నారు. డబ్బు పెట్టి కొనలేమనుకుంటే లిబ్రె ఆఫీస్‌లో బేస్ అని ఉంది, ఉచితం.

పట్టిక గీసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. వయసు రాయకండి, పుట్టిన తేదీ రాయండి. వయసు ఏటేటా తప్పవుతుంది, పుట్టిన తేదీ కాదు. ఫోను నంబరును అంకెల గడిలో పెట్టకండి, అక్షరాల గడిలో పెట్టండి. దాన్ని ఎవరూ కూడరు, తీసివేయరు. పైగా ముందు సున్నా ఉంటే అంకెల గడి మింగేస్తుంది. తెలుగులో కొట్టేవాళ్ళు యూనికోడ్‌లోనే కొట్టండి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టింది తెరమీద తెలుగులా కనబడుతుంది గాని లోపల వేరే గుర్తులుంటాయి. రేపు పేరు పెట్టి వెతికితే దొరకదు.

రెండు పట్టికలకూ ముడి వేసేటప్పుడు 'రెఫరెన్షియల్ ఇంటెగ్రిటీ' అని ఒక గడి కనబడుతుంది. పేరు చూసి బెదరకండి. అది టిక్కు పెడితే సభ్యుల పట్టికలో లేని నంబరు మీద పైసలు జమకట్టనివ్వదు. పైసలు కట్టి ఉన్న మనిషిని సభ్యుల్లోంచి చెరపనివ్వదు. గేటు దగ్గర తాతలాంటిది, ఉండాలి. దాని కిందనే 'కాస్కేడ్ డిలీట్' అని ఇంకో గడి ఉంటుంది. అది మాత్రం ముట్టకండి. దానికి టిక్కు పెట్టి ఒక సభ్యురాలిని తీసేస్తే ఆమె కట్టిన ఏళ్ళ లెక్కంతా కూడబలుక్కున్నట్టు వెంట పోతుంది. సంఘం మానేసిన మనిషిని చెరపనే వద్దు. మానిన తేదీ గడి అందుకే పెట్టుకున్నాం.

ఇక అడగడం. వాళ్ళ మాటలో క్వెరీ. "ఈ ఏడు ఒక్కొక్కరు ఎంత పొదుపు చేశారు?" అంటే రెండు పట్టికలూ తెచ్చి పక్కపక్కన పెట్టి, సభ్యురాలి నంబరు మీద గుంపు కట్టి, పైకం కూడమని చెబుతాం. క్షణంలో వస్తుంది. చేత్తో అయితే ఒక మధ్యాహ్నం పడుతుంది. ఇంతవరకు అందరూ నేర్చుకుంటారు. దీని తర్వాతనే జాగ్రత్త కావాలి.

మా సంఘంలో జరిగింది చెబుతాను. అప్పులివ్వడానికి వరుస వేసుకోవాలి. గడిచిన మూడు నెలల లెక్క చూసి ఎవరికి ముందు, ఎవరికి వెనుక అని నిర్ణయించుకుంటాం. మాలో చదువుకున్న ఒక అమ్మాయి క్వెరీ రాసి, చక్కగా ప్రింటు తీసి తెచ్చింది. మొత్తాలన్నీ సరిగ్గా ఉన్నాయి, నగదు పుస్తకంతో పైసాతో సహా సరిపోయింది. అందరం సంతోషించాం. చదువు రాని ఒక పెద్దమ్మ మాత్రం వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "బిడ్డా, గిండ్ల పదమూడే ఉన్నయి. మనం పద్నాలుగుమందిమి గాదె?" అన్నది.

ఆ పద్నాలుగో ఆమె ఖమ్మం వైపు మిరపకాయలు ఏరబోయింది. ఆ మూడు నెలలూ చెల్లింపుల పట్టికలో ఆమె పేర ఒక్క వరుస లేదు. రెండు పట్టికలను మామూలుగా కలిపితే రెండింటిలోనూ ఉన్నవాళ్ళే బయటికొస్తారు. ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేనివాళ్ళు మాట లేకుండా రాలిపోతారు. యంత్రం అబద్ధం చెప్పలేదు, అమ్మాయి కూడిక తప్పలేదు. అయినా ఒక మనిషి పోయింది. నాకు మనసుకు తగిలింది ఇదే. ఆమెను వరుసలోంచి తీసేయాలని ఎవరూ అనలేదు. తీర్మానం లేదు, మినిట్స్ పుస్తకంలో ఒక్క మాట లేదు. కాగితం మీద లేదు, అంతే. పెద్దమ్మ వేళ్ళు మడవకపోతే ఆమె వంతు ఇంకొకరికి పోయేది. ఎందుకు పోయిందని ఆమె తిరిగొచ్చి అడిగితే చెప్పడానికి మా దగ్గర మాట ఉండేది కాదు.

కనుక రానివాళ్ళను పట్టే క్వెరీ వేరే రాసిపెట్టుకోవాలి. యాక్సెస్‌లో రెండు పట్టికల మధ్య గీత ఉంటుంది గదా, దాని మీద రెండుసార్లు నొక్కితే మూడు షరతులు చూపిస్తుంది. సభ్యులందరినీ చూపించు, చెల్లింపుల్లో వాళ్ళకు సరిపోయినవి ఉంటే పక్కన చూపించు అనే అర్థం వచ్చేదాన్ని ఎంచుకోవాలి. అప్పుడు గీతకు బాణం వస్తుంది. కట్టనివాళ్ళ పక్కన ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలనే చూపించమనడానికి గడిలో 'ఈజ్ నల్' అనే మాట వేయాలి. యాక్సెస్‌లో 'ఫైండ్ అన్‌మ్యాచ్డ్' అని దీనికి ఒక సహాయకుడే ఉన్నాడు, అతడు అడిగినవాటికి జవాబులిస్తూ పోతే తనే రాసిపెడతాడు.

ఇందులోనే ఒక మెలిక. "ఈ నెల" అనే షరతును కూడా అదే క్వెరీలో పెడితే జాబితా ఖాళీగా వస్తుంది, లేదా తప్పుగా వస్తుంది. ఎందుకంటే, రాని మనిషికి చెల్లింపే లేదు, చెల్లింపు లేనప్పుడు దానికి తేదీ ఎక్కడిది? తేదీ ఈ నెలలో ఉండాలి అనగానే ఆమె మళ్ళీ రాలిపోతుంది. దీన్ని రెండు దఫాలుగా చేయాలి. ముందు ఈ నెల చెల్లింపులను మాత్రమే తీసే క్వెరీ ఒకటి రాసి పేరు పెట్టి దాచాలి. తర్వాత సభ్యుల పట్టికను ఆ క్వెరీతో కలపాలి. పప్పు ముందు ఉడకబెట్టుకుని తర్వాత పులుసులో కలిపినట్టు. రెండూ ఒకేసారి పడేస్తే పప్పు ఉడకదు.

ఆమె పక్కన వచ్చిన ఖాళీ చూసి మాలో ఒకరు "సున్నా వేద్దామా" అన్నారు. వద్దన్నాను. సున్నా అంటే వచ్చింది, కట్టలేదు అని. ఖాళీ అంటే మనకు ఏమీ నమోదు కాలేదని. కనుక్కోవలసిన పని మిగిలి ఉందన్నమాట. యంత్రం కూడా ఈ రెండింటినీ వేర్వేరుగా చూస్తుంది. ఒకామెకు 200, 200, ఖాళీ అని మూడు నెలలుంటే సగటు 200 అంటుంది, ఖాళీని లెక్కలోకే తీసుకోదు. ఖాళీ బదులు సున్నా ఉంటే సుమారు 133 అంటుంది. ఖాళీకి ఏ అంకె కూడినా ఖాళీయే. "200 కానివాళ్ళను చూపించు" అంటే 100 కట్టినామె వస్తుంది గాని ఖాళీ ఉన్నామె రాదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. తెలియక "అందరూ కట్టేశారు" అని సంబరపడతారు.

మేము కనుక్కున్నాం. ఆమె ఫోను నంబరు మారింది, ఆడబిడ్డ ద్వారా కబురు పంపాం. ఆమె వంతు ఆమెకే ఉంచుదామని మీటింగులో అనుకుని, మినిట్స్‌లో రాసి, సంతకాలు పెట్టాం. అప్పును వెనక్కి నెట్టాలనుకుంటే అది కూడా అట్లాగే, అందరి ఎదుట అనుకుని నెట్టి ఉండేవాళ్ళం. ఆమె తిరిగొచ్చి మూడు నెలల పొదుపూ ఒకేసారి కట్టింది.

రానివాళ్ళ జాబితా వచ్చింది గదా అని దాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం నాకిష్టం లేదు. ఒకరింట్లో జబ్బు ఉంటుంది, ఒకరింట్లో కూతురి కాన్పు ఉంటుంది. ఆ కాగితం అధ్యక్షురాలి చేతికిస్తే ఆమె ఇంటికెళ్ళి అడుగుతుంది. ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టుకోవడం కూడా ఇందుకే. ఎవరికెంత అప్పుందో వీధిలో పిల్లలకు తెలియనక్కర్లేదు.

తేదీల సంగతి మరిచిపోతాను. గళ్ళలో నింపితే చిక్కు లేదు, మన కంప్యూటరు అమరికను బట్టి చదువుకుంటుంది. ఎస్.క్యూ.ఎల్. చేత్తో రాస్తే మాత్రం యాక్సెస్ అమెరికా వాళ్ళ లెక్కన నెల ముందు, తేదీ తర్వాత చదువుతుంది. మనం 3-4 అని ఏప్రిల్ మూడో తేదీ అనుకుంటే అది మార్చి నాలుగు అనుకుంటుంది. 15-4 అయితే పదిహేనో నెల లేదు గనక సరిగ్గానే చదువుతుంది. అంటే నెలలో మొదటి పన్నెండు రోజుల లెక్కే తారుమారవుతుంది. తప్పు ఎక్కడుందో పట్టుకోవడం చాలా కష్టం. నెలను అంకెలో కాక పేరుతో రాస్తే ఈ గొడవ ఉండదు.

ఒకేసారి చాలా వరుసలను మార్చే క్వెరీలు, చెరిపే క్వెరీలు కూడా ఉన్నాయి. ఒకసారి 'అవును' అన్నాక వాటిని వెనక్కి తిప్పలేం. కనుక ముందు అదే షరతుతో చూపించే క్వెరీ రాయండి. ఎవరెవరు వస్తున్నారో కళ్ళారా చూడండి. సరిగ్గా వాళ్ళే వస్తున్నారంటేనే దాన్ని చెరిపే క్వెరీగా మార్చండి. బియ్యం ఏరకుండా ఎసట్లో పోస్తామా!

చివరగా భద్రం చేసుకోవడం. చెరిపిన వరుసలు తిన్న చోటు యాక్సెస్ తనంతట తాను ఖాళీ చేయదు. అప్పుడప్పుడు 'కాంపాక్ట్ అండ్ రిపేర్' నొక్కాలి, ఫైలు సన్నబడుతుంది. నొక్కే ముందు ఒక నకలు తీసి పెట్టుకోవాలి. ఒక ఫైలు రెండు జీబీలకు మించకూడదు. సంఘం లెక్కలు ఆ దరిదాపులకు రావు గాని, అందరి ఫోటోలూ అందులోనే పెడితే వచ్చినా రావచ్చు. ఫోటోలు వేరే ఉంచండి. బేస్ వాడేవాళ్ళు పని అయిపోగానే ఫైలును సేవ్ చేసి, మూసి, తర్వాతే కంప్యూటరు ఆపండి.

2024 సెప్టెంబరు 1న మా దగ్గర కురిసిన వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. కాజీపేట, విజయవాడ మధ్య బండ్లు ఆగిపోయాయి. అంత గట్టి కట్టే పోయినప్పుడు మన ఇంటి మూలనున్న కంప్యూటరు ఎంత? అందుకని నకలు రెండో ఇంట్లో ఉండాలి, వీలైతే రెండో ఊళ్ళో. ప్రతి మీటింగు అయ్యాక ఫైలు పూర్తిగా మూసి, తేదీ వేసిన పేరుతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. తెరిచి ఉన్న ఫైలును కాపీ చేస్తే సగం రాసిన ఉత్తరం పోస్టు చేసినట్టవుతుంది. పాత నకలు మీద కొత్తది రాయకండి, కనీసం మూడు నాలుగు వెనకవి ఉండనివ్వండి, తప్పు ఎప్పుడు దూరిందో వెనక్కి పోయి చూసుకోవచ్చు. నెలకోసారి ఆ పెన్‌డ్రైవ్‌ను వేరే కంప్యూటరులో పెట్టి, తెరుచుకుంటుందో లేదో చూడండి. సంతకాలున్న పుస్తకాన్ని మాత్రం అటక ఎక్కించకండి, బ్యాంకువాళ్ళు అడిగేది అదే.

ఈవేళ్టికి ఇంతే. సెలవు.